మూడేళ్ల పర్మిట్, పదేళ్ల లోను

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూ మహా అయితే రెండు మూడు నిమిషాలు. ఏ యూనివర్సిటీ, అదే ఎందుకు, ఫీజు ఎవరు కడుతున్నారు, నాన్న ఏం చేస్తారు. కొందరికి ఇంకో ప్రశ్న కూడా పడుతుంది: చదువు అయ్యాక ఏం చేస్తావు? అమీర్‌పేటలో మాక్ ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చిన వాళ్లందరికీ దీని జవాబు కంఠతా వచ్చు. తిరిగొచ్చి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఫలానా ఉద్యోగంలో చేరతాను అని చెప్పాలి. అదే నెలలో తండ్రి బ్యాంకులో కూర్చుని సంతకం పెట్టిన లోను కాగితాలు చూస్తే మాత్రం లెక్క అలా లేదు. ఆ అప్పు రూపాయల జీతంతో తీరేది కాదని తండ్రికీ తెలుసు, బ్యాంకుకీ తెలుసు.

ఈ రెండు జవాబుల మధ్య ఉన్న తేడాయే అమెరికా ఎమ్మెస్ వ్యవహారం మొత్తానికీ మూలం. వీసా కిటికీ దగ్గర 'వచ్చేస్తాను' అనాలి, లోను దగ్గర 'అక్కడే ఉంటాడు' అనుకోవాలి. ఈ రెంటినీ కలిపే వంతెన పేరు ఓపీటీ, అంటే చదువయ్యాక కొంతకాలం అక్కడ పని చేసుకునే అనుమతి. అది ఎంత పొడవుంది, దేని మీద నిలబడింది, ఎక్కడ విరగొచ్చు అన్నది తెలియకుండానే చాలా ఇళ్లు పొలాన్నో ఫ్లాటునో తాకట్టు పెడుతున్నాయి.

ముందు కిటికీ సంగతి. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో 214బి అనే సెక్షన్ ప్రకారం వీసా అడిగిన ప్రతి మనిషినీ అక్కడే స్థిరపడే ఉద్దేశం ఉన్నవాడిగానే ఆఫీసరు చూడాలి. కాదని నిరూపించుకునే బాధ్యత అభ్యర్థిది. స్టూడెంట్ వీసాకు, అంటే ఎఫ్-1కు, స్వదేశంలో ఇల్లు, బంధాలు ఉన్నాయని, వాటిని వదులుకునే ఆలోచన లేదని నమ్మించాలి. కంపెనీ ద్వారా వచ్చే ఉద్యోగ వీసా హెచ్-1బీకి ఈ షరతు లేదు. ఆ వీసా మీద ఉంటూ గ్రీన్‌కార్డుకు అప్లై చేసుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. ఎఫ్-1కు ఆ వెసులుబాటు లేదు కనుకే 'రిజెక్ట్ అయింది' అన్నవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండే కాగితం మీద 214బి అనే ఉంటుంది. అది శాశ్వత నిషేధం కాదు, మళ్లీ ప్రయత్నించవచ్చు. కాకపోతే 185 డాలర్ల వీసా ఫీజు మళ్లీ కట్టాలి, స్లాట్ మళ్లీ వెతకాలి. విదేశీ విద్యార్థుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌కు కట్టే 350 డాలర్ల ఫీజు వేరే. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక 108 చేసే ఆనవాయితీ ఊరికే పుట్టలేదు.

ఇక లోను. ఉదాహరణకు 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుందాం. నెలకు 55 వేల పైచిలుకు ఈఎంఐ. చదువుతున్న రెండేళ్లూ వడ్డీ కట్టకుండా అసలులో కలుపుకుంటూ పోతే అది 60 వేలు దాటుతుంది. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్‌కి పెద్ద కంపెనీలు ఇచ్చేది ఏడాదికి మూడున్నర, నాలుగు లక్షలు. అంటే నెల జీతం మొత్తం పోసినా ఈఎంఐలో సగానికి కాస్త అటూఇటూగానే తీరుతుంది. డాలర్లలో సంపాదిస్తే మాత్రం ఇదే అప్పు రెండు మూడేళ్లలో కొట్టుకుపోతుంది. అందుకే ఈ చదువుకు అసలు ధర ట్యూషన్ ఫీజు కాదు. చదువు తర్వాత ఎన్ని నెలలు డాలర్లలో జీతం తీసుకోగలరన్నదే దాని ధరను తేల్చేది. కన్సల్టెన్సీ బ్రోచర్‌లో ర్యాంకింగులు, క్యాంపస్ ఫొటోలు ఉంటాయి. ఈ నెలల లెక్క ఎక్కడా కనిపించదు.

లెక్కకు ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. మనవాళ్లు అన్నిటికీ 'వీసా' అనే అంటారు. నిజానికి ఇక్కడ మూడు వేర్వేరు కాగితాలున్నాయి. పాస్‌పోర్టులో అతికించే స్టాంపు అమెరికా గుమ్మం దాకా రావడానికి. మన దేశం వాళ్లకు సాధారణంగా ఐదేళ్లు ఇస్తారు. లోపల ఉన్నప్పుడు దాని గడువు తీరిపోయినా కొంప మునిగిపోదు, తిరిగి రావాలంటేనే కొత్తది కావాలి. రెండోది స్టేటస్. ఎయిర్‌పోర్టులో దిగగానే నమోదయ్యే ఐ-94లో విద్యార్థులకు తేదీ ఉండదు, 'డి/ఎస్' అని ఉంటుంది. అంటే చదువు సక్రమంగా సాగుతున్నంత కాలం ఉండవచ్చని. దానికి ఆధారం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20. మూడోది పని చేసే అనుమతి. మొదటిది చేతిలో ఉన్నంత మాత్రాన మూడోది ఉన్నట్టు కాదు. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు, అంతే. గ్యాస్ స్టేషన్‌లో, రెస్టారెంట్ వెనక వంటింట్లో నగదు తీసుకుని చేసే పని స్టేటస్‌నే మింగేస్తుంది. ఈ సంగతి తెలియక చేసేవాళ్లు తక్కువ. అద్దె కట్టడానికి ఇంకో దారి కనపడక చేసేవాళ్లే ఎక్కువ.

ఈ డి/ఎస్ పద్ధతి కూడా ఎల్లకాలం ఉంటుందని లేదు. దాన్ని తీసేసి గరిష్ఠంగా నాలుగేళ్ల తేదీ వేయాలని, చదువయ్యాక సర్దుకునేందుకు ఇచ్చే 60 రోజులను 30కి కుదించాలని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2025 ఆగస్టులో ప్రతిపాదించింది.

ఇప్పుడు ఓపీటీ. పూర్తి పేరు ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్. దీన్ని వర్క్ వీసా అనుకోవడం మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు. ఇది చదువులో భాగమైన శిక్షణ. ఓపీటీ మీద ఉన్న వ్యక్తి చట్టం దృష్టిలో ఇంకా విద్యార్థే, ఎఫ్-1లోనే ఉంటాడు. డిగ్రీకి 12 నెలలు. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కోర్సులైతే, అంటే స్టెమ్ అయితే, ఇంకో 24 నెలలు. మొత్తం మూడేళ్లు.

కోర్సు స్టెమ్ అవునా కాదా అన్నది దాని పేరు చూసి చెప్పలేం. ఐ-20 మీద మేజర్ పక్కన ఆరంకెల కోడ్ ఒకటి ఉంటుంది. 11.0701 అంటే కంప్యూటర్ సైన్స్, స్టెమ్. 30.7102 బిజినెస్ అనలిటిక్స్, ఇది 2022లో జాబితాలోకి వచ్చింది. 52.0201 అంటే మామూలు బిజినెస్ మేనేజ్‌మెంట్, స్టెమ్ కాదు. ఒకే బిల్డింగులో, దాదాపు ఒకే ఫీజుతో, పక్కపక్క గదుల్లో చదివే ఇద్దరిలో ఒకరికి మూడేళ్లు, ఇంకొకరికి ఒక్క ఏడాదే రావచ్చు. 40 లక్షల అప్పుకు ఆ రెండేళ్ల తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు. అడ్మిషన్ వచ్చిన సంబరంలో అందరూ యూనివర్సిటీ పేరు చూస్తారు. ఆరంకెల కోడ్ ముందు చూడాలి.

ఓపీటీ దానంతట అది రాదు. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు మొదలై ఆ తర్వాత 60 రోజుల దాకా అప్లికేషన్‌కు గడువుంటుంది. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు కొత్త ఐ-20 మీద సిఫారసు చేస్తుంది. అది చేసిన 30 రోజుల లోపు ఐ-765 ఫారం పంపాలి. పని ఎప్పుడు మొదలు పెడతారో తేదీ కూడా విద్యార్థే ఎంచుకోవాలి. ఆ తేదీ కోర్సు ముగిశాక 60 రోజులు దాటకూడదు. చివరికి పని చేసే అనుమతి కార్డు, ఈఏడీ, వస్తుంది. అందరూ ఆ కార్డు ఫొటో ఇంటికి పంపి సంబరపడతారు. కానీ కార్డు మీది మొదటి తేదీ నుంచే వెనక్కి లెక్కపెట్టే గడియారం ఒకటి మొదలవుతుంది. ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. శని, ఆదివారాలూ, పండగలూ అన్నీ ఇందులోనే. మధ్యలో ఒక ఉద్యోగం పోయి ఇంకోటి దొరికితే ఆ ఖాళీ రోజులూ ఇదే ఖాతాలో పడతాయి. స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలిసి మొత్తం మీద 150 అవుతుంది.

వారానికి కనీసం 20 గంటలు, చదివిన సబ్జెక్టుకు సంబంధించిన పని అయితే చాలు. మొదటి ఏడాది జీతం లేని ఇంటర్న్‌షిప్ అయినా నిబంధనలకు లోబడి లెక్కలోకి వస్తుంది. ఎక్కడో ఒక స్టార్టప్‌లో, ప్రొఫెసర్ దగ్గర ల్యాబ్‌లో ఊరికే పనిచేస్తూ రోజులు ఆపుకునేవాళ్లు అందుకే కనిపిస్తారు. స్టెమ్ పొడిగింపులో ఆ వీలు లేదు. జీతం ఉండాలి, కంపెనీ ఇ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదై ఉండాలి, శిక్షణ ప్రణాళికగా ఐ-983 ఫారం మీద కంపెనీ సంతకం పెట్టాలి. కంపెనీ, అడ్రసు మారితే పది రోజుల్లో తెలియజేయాలి. 90 రోజులు దాటినా సెవిస్‌లో ఉద్యోగం వివరాలు కనపడని వాళ్లకు 2025 మేలో హెచ్చరిక ఉత్తరాలు వెళ్లాయి. వాళ్లలో నిజంగా ఉద్యోగం చేస్తూ వివరాలు ఎక్కించడం మరిచిపోయిన వాళ్లూ ఉంటారు. సిస్టమ్‌కు ఆ తేడా తెలియదు.

ఓపీటీలో డబ్బుకు సంబంధించి ఒక వింత ఉంది, బయట పెద్దగా చర్చకు రాదు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ల జీతంలోంచి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను కోయరు. అది 7.65 శాతం. కంపెనీ కూడా తన వంతు 7.65 శాతం కట్టక్కర్లేదు. ఆగస్టులో దిగినా ఆ ఏడాది మొత్తం ఒక సంవత్సరంగానే లెక్క కనుక ఓపీటీ చివరి నెలల్లో ఈ మినహాయింపు చాలామందికి పోతుంది. విద్యార్థికి ఇది చేతికొచ్చే డబ్బు. అక్కడి విమర్శకులు మాత్రం ఇది అమెరికన్‌ను కాదని విదేశీ విద్యార్థిని తీసుకున్నందుకు కంపెనీకి దొరికే రాయితీ అంటారు. ఈ వాదనలో లెక్క తప్పు లేదు. ఓపీటీ మీద రాజకీయం అంత వేడిగా ఉండటానికి ఇదొక కారణం.

అసలు బలహీనత ఇంకా లోతులో ఉంది. ఎఫ్-1 చట్టంలో ఉంది, హెచ్-1బీ చట్టంలో ఉంది. ఓపీటీ మాత్రం చట్టంలో లేదు. 1992లో ఇమిగ్రేషన్ శాఖ రాసుకున్న నిబంధన అది. 2008లో బుష్ ప్రభుత్వం స్టెమ్ వాళ్లకు 17 నెలలు కలిపింది. దాన్ని ప్రజాభిప్రాయం తీసుకోకుండా తెచ్చారని 2015లో కోర్టు కొట్టేస్తే, 2016లో పద్ధతి ప్రకారం మళ్లీ తెచ్చి 24 నెలలు చేశారు. అమెరికన్ టెక్ ఉద్యోగుల సంఘం వాష్‌టెక్ వేసిన కేసులో 2022లో అప్పీల్ కోర్టు ఓపీటీ చెల్లుతుందని చెప్పింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. అంటే నిబంధన పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందని తేలింది. పెట్టే అధికారం ఉన్నవాళ్లకు తీసే అధికారమూ ఉంటుంది. పార్లమెంటులో ఓటు లాంటిదేమీ అక్కర్లేదు. ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్ పదవికి అప్పట్లో నామినేట్ అయిన జోసెఫ్ ఎడ్లో 2025 మేలో సెనేట్ ముందు, చదువు ముగిశాక కూడా ఎఫ్-1 విద్యార్థులు పనిచేసే వీలును తీసేయాలన్నదే తన ఆలోచన అని చెప్పాడు. ఆ ఏడాది ప్రభుత్వం ప్రకటించిన నిబంధనల మార్పుల జాబితాలో ప్రాక్టికల్ ట్రైనింగ్ కూడా ఉంది.

అలాంటి దాని మీద ఎంతమంది నిలబడి ఉన్నారో అమెరికాలో విదేశీ విద్యార్థుల లెక్కలు ఏటా ఇచ్చే ఓపెన్ డోర్స్ నివేదికలు చెబుతాయి. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత మొదటిసారి చైనాను దాటారు. వాళ్లలో 97,556 మంది ఓపీటీ మీద ఉన్నవాళ్లు. 2024-25కు మొత్తం 3,63,019 అయింది. పేపర్లు 'భారతీయ విద్యార్థులు పెరిగారు' అని రాశాయి. లోపల చూస్తే ఓపీటీ వాళ్లు 1,43,740కు పెరిగారు, ఎమ్మెస్, పీహెచ్‌డీ క్లాసుల్లో ఉన్నవాళ్లు మాత్రం సుమారు పదో వంతు తగ్గారు. అంటే పెరిగింది క్లాసులో కూర్చున్న వాళ్లు కాదు, చదువు ముగించి గడియారం నడుస్తున్న వాళ్లు. కొత్తగా వచ్చేవాళ్లు తగ్గారు, లైన్ చివర ఉన్నవాళ్లు పోగుపడ్డారు. వీళ్లంతా ఒకే హెచ్-1బీ లాటరీ వైపు చూస్తున్నారు.

లాటరీకి వెళ్లే ముందు అడ్డదారుల మాట. గడువు దగ్గర పడ్డ మనిషికి వినిపించే మొదటి పేరు సీపీటీ. చదువు నడుస్తుండగానే కోర్సులో భాగంగా పని చేయడానికి ఇచ్చే అనుమతి అది. మంచి యూనివర్సిటీలో అది వేసవి ఇంటర్న్‌షిప్‌కు వాడతారు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ రాదన్న నిబంధన కూడా ఉంది. కొన్ని కాలేజీలు చేరిన మొదటి రోజు నుంచే సీపీటీ ఇస్తామని ఊరిస్తాయి. లాటరీలో మూడుసార్లూ తగలని వాళ్లు రెండో మాస్టర్స్ పేరుతో అక్కడ చేరి ఉద్యోగం కొనసాగిస్తుంటారు. చదువు పేరుకే అయితే అది ఎక్కడికి దారి తీస్తుందో తెలుగువాళ్లకు ఒకసారి కాదు, రెండుసార్లు తెలిసింది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు దానిలో నమోదైన వేయిన్నర మందికి పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టిన ఫొటోలు ఇక్కడి పేపర్లలో మొదటి పేజీలో వచ్చాయి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ బయటపడింది. దానికి టీచర్లు లేరు, క్లాసులు లేవు, నడిపింది ప్రభుత్వ ఏజెంట్లే. మొదటి విడతలో అరెస్టయిన 130 మంది దాకా విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులు, ఎక్కువమంది తెలుగువాళ్లు. ప్రభుత్వమే వల పన్నడం న్యాయమా అన్న ప్రశ్న అప్పుడు గట్టిగానే వినిపించింది, అడగాల్సిన ప్రశ్నే అది. అయితే క్లాసు లేని యూనివర్సిటీకి ఫీజు కట్టినవాళ్లు ఏం కొనుక్కుంటున్నారో వాళ్లకు తెలియదని వాదించడం కష్టం.

కాలేజీ వైపు సీపీటీ ఉన్నట్టే ఉద్యోగం వైపు ఇంకో అడ్డదారి ఉంది, దాని పేరు బెంచ్. 90 రోజులు దగ్గర పడితే ఏదో చిన్న కన్సల్టెన్సీ పేరును సెవిస్‌లో ఎక్కించుకోవడం, ప్రాజెక్టు వచ్చేదాకా జీతం లేకుండా కూర్చోవడం, రెజ్యూమెలో లేని ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టడం. ఇది అప్పటికి పని జరిపిస్తుంది. ఆ కాగితాలే తర్వాత హెచ్-1బీ పిటిషన్‌లో, స్టాంపింగ్‌లో, చివరికి గ్రీన్‌కార్డు ఫైల్లో ఒక్కొక్కటిగా పైకి వస్తాయి. ఆ సంతకం పెట్టిన కంపెనీ అప్పటికి మూతపడి ఉంటే చెప్పుకోడానికి మనిషి కూడా ఉండడు.

ఇక హెచ్-1బీ. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసిన వాళ్లకు ఇంకో 20,000. ఈ 20,000 తెచ్చింది 2004 చట్టం. ఒకప్పుడు, 2001 నుంచి 2003 వరకు, కోటా 1,95,000 ఉండేది. ఆ రోజుల్లో వెళ్లిన బాబాయిల సలహాలు ఇప్పటి పిల్లలకు పనికిరాకపోవడానికి ఇదీ ఒక కారణం. మార్చిలో కంపెనీ రిజిస్టర్ చేస్తుంది, ఫీజు ఇప్పుడు 215 డాలర్లు. తర్వాత లాటరీ. 2024 ఆర్థిక సంవత్సరానికి ఏకంగా 7 లక్షల 80 వేల రిజిస్ట్రేషన్లు వచ్చాయి. ఒకే మనిషికి నాలుగైదు కంపెనీలతో వేయించే ఆటే దానికి పెద్ద కారణం. మనిషికి ఒక్కటే చీటీ అని 2024 నుంచి నిబంధన మార్చాక సంఖ్య దిగింది. 2026 ఆర్థిక సంవత్సరానికి అర్హమైనవి 3,43,981, ఎంపికైనవి 1,20,141. వందకు 35 అన్నమాట. మూడేళ్ల ఓపీటీలో మూడు మార్చిలు వస్తాయి. ప్రతిసారీ 35 శాతం చొప్పున మూడు ప్రయత్నాల్లో కనీసం ఒకసారి తగిలే అవకాశం 72 శాతం దాకా ఉంటుంది. 'మూడు ఛాన్సులున్నాయి, ఏదో ఒకసారి పిక్ అవుతుంది' అన్న ధీమా ఈ లెక్క నుంచి వచ్చిందే.

ఆ లెక్క ఇప్పుడు మారిపోయింది. లాటరీని జీతం స్థాయితో ముడిపెడుతూ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2025 డిసెంబరులో నిబంధన ఖరారు చేసింది, 2026 ఫిబ్రవరి 27 నుంచి అమలు. ప్రతి ఉద్యోగానికీ ఆ ప్రాంతాన్ని బట్టి ప్రభుత్వం నాలుగు జీతం స్థాయిలు నిర్ణయిస్తుంది. నాలుగో స్థాయి జీతం ఇచ్చే వాళ్ల పేరు నాలుగుసార్లు పడుతుంది, మొదటి స్థాయి వాళ్ల పేరు ఒక్కసారే. కొత్తగా చదువు ముగించిన వాళ్లు ఎక్కువగా ఉండేది మొదటి, రెండో స్థాయిల్లో. ఈ ప్రతిపాదన తెచ్చినప్పుడు ఆ శాఖ వేసిన అంచనా ప్రకారమే మొదటి స్థాయికి అవకాశం సుమారు 15 శాతం, రెండో స్థాయికి 30, నాలుగో స్థాయికి 61. ఇదే మూడు మార్చిల లెక్క మళ్లీ వేస్తే మొదటి స్థాయిలోనే ఉండిపోయిన వాళ్లకు మూడు ప్రయత్నాలు కలిపినా 39 శాతమే. రెండో స్థాయిలో ఉంటే 66 దాకా. అంటే ఏదో ఒక ఉద్యోగం చాలనుకుని తక్కువ జీతానికి చేరడం ఇదివరకు లాటరీని ముట్టుకునేది కాదు. ఇప్పుడు నేరుగా ముట్టుకుంటుంది. ఇంకో విచిత్రం, స్థాయి అన్నది ఊరిని బట్టి మారుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో పక్కన మొదటి స్థాయి అనిపించుకునే జీతం, ఏ ఒహాయోలోనో చిన్న పట్టణంలో అదే పనికి పై స్థాయి కావచ్చు. బే ఏరియా మోజు ఉన్నవాళ్లు ఈ కోణం కూడా చూసుకోవాలి.

2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రకటించిన లక్ష డాలర్ల ఫీజు గురించి ఇక్కడ చాలా ఇళ్లలో రెండు రాత్రులు నిద్ర లేదు. తర్వాత అక్టోబరులో వచ్చిన వివరణ ప్రకారం, అమెరికాలోనే ఉంటూ ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకు అది వర్తించదు. దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకే. దీని అర్థం కాస్త జాగ్రత్తగా చూడాలి. ఇండియాలో కూర్చున్న ఇంజినీరును తీసుకోవడం కంటే అక్కడే ఎమ్మెస్ చేసినవాణ్ని తీసుకోవడం కంపెనీకి లక్ష డాలర్లు చవక అయింది. అంటే ఓపీటీ దారికి విలువ పెరిగింది. అదే సమయంలో ఆ దారి మీద ఉన్నవాడు దేశం దాటి రావడానికి జంకు కూడా పెరిగింది. 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ మినహాయింపు కూడా చాలావరకు పోయింది, స్టాంపింగ్‌కు నేరుగా కిటికీ దగ్గరికి రావాల్సిందే, అదీ సొంత దేశంలోనో నివాసముంటున్న దేశంలోనో. అందుకే అక్క పెళ్లి వీడియో కాల్‌లో చూసే తమ్ముళ్లు ప్రతి ఊళ్లోనూ తేలుతున్నారు.

అమెరికా కాకపోతే ఇంకోటి అనేవాళ్లకు మిగతా దేశాలు కూడా తలుపు సందు తగ్గిస్తున్నాయి. చదువయ్యాక ఉండి పని చేసుకోవడానికి బ్రిటన్ 2021లో తెచ్చిన రెండేళ్ల గ్రాడ్యుయేట్ రూట్‌ను 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలు చేస్తోంది, పీహెచ్‌డీ వాళ్లకు మూడేళ్లు అలాగే ఉంటాయి. మాస్టర్స్ వాళ్లు భార్యనో భర్తనో తీసుకెళ్లడం 2024 జనవరిలోనే ఆగింది. కెనడా 2024లో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది, త్వరగా తేల్చే ఎస్‌డీఎస్ పద్ధతిని అదే నవంబరులో ఎత్తేసింది. జర్మనీ లెక్క వేరు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు, అక్కడి ఖర్చుల కోసం ముందే జమ చేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. జీతం అమెరికాలో ఉన్నంత రాదు, జర్మన్ భాష రాకపోతే చిన్న కంపెనీల తలుపు తెరుచుకోదు. కానీ అక్కడికి వెళ్లినవాడి నెత్తి మీద 40 లక్షల అప్పు ఉండదు. కిటికీ దగ్గర చెప్పిందీ బ్యాంకు దగ్గర రాసిందీ కాస్త దగ్గరగా ఉండేది అక్కడే.

2025 ఆగస్టులో అమెరికాలో చేరి 2027 మే 15న కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ ముగించే ఒక విద్యార్థిని ఊహించుకుంటే పైన చెప్పినదంతా క్యాలెండర్ మీద ఇలా పడుతుంది. ఓపీటీ అప్లికేషన్ 2027 ఫిబ్రవరి 14 నుంచి వేయవచ్చు. ఆ మార్చిలోనే బీటెక్ డిగ్రీ ఆధారంగా ఎవరైనా కంపెనీ లాటరీలో వేస్తే అదనంగా నాలుగో ఛాన్సు దొరికినట్టే. అలా వేసే కంపెనీలు అరుదు, అడిగే విద్యార్థులు ఇంకా అరుదు. ఉద్యోగం ఇంకా చేతిలో లేదు కనుక మొదలు తేదీని వీలైనంత వెనక్కి, జూలై 14కు పెట్టుకున్నాడనుకుందాం. అప్పటి నుంచి 90 రోజులు లెక్కపెడితే అక్టోబరు 11. మొదటి ఓపీటీ 2028 జూలై 13 దాకా, స్టెమ్ కలిస్తే 2030 జూలై 13 దాకా. లాటరీలు 2028, 2029, 2030 మార్చి నెలల్లో. చివరిదాంట్లో తగిలి ఓపీటీ ముగిసేలోపే పిటిషన్ పడితే ఓపీటీకీ హెచ్-1బీకీ మధ్య ఖాళీని పూడ్చే క్యాప్-గ్యాప్ నిబంధన కింద 2031 ఏప్రిల్ 1 దాకా ఆగవచ్చు. తగలకపోతే 60 రోజుల్లో సర్దుకోవాలి, అప్పటికి ఆ గ్రేస్ 60గానే ఉంటే.

లోను క్యాలెండర్ దీనికి పక్కనే నడుస్తుంది. కోర్సు ముగిశాక 6 నెలల మారటోరియం, అంటే ఈఎంఐకి విరామం, అని కాగితంలో ఉంటే మొదటి ఈఎంఐ 2027 నవంబరులో. అంటే 90 రోజుల గడువు తీరిన నెలకే. పదేళ్ల లోను చివరి వాయిదా 2037లో. కో-అప్లికెంట్‌గా తండ్రి సంతకం ఉంది కనుక నవంబరు మెసేజ్ ఇద్దరి ఫోన్లకూ వస్తుంది.